ఉద్యోగంలో చేరినం, పోలీసు రిపోర్టు ఇంకా రాలేదు

(కొత్తగా ఉద్యోగాలకు ఎంపికైన వాళ్ల కోసం నల్గొండలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేసినం. తడబాట్లు తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినపడుతుందా? వినపడకపోతే చెయ్యెత్తండి, సిగ్గుపడొద్దు.

మీ చేతిలో ఉన్న కాగితం ఒకసారి తెరవండి. కంపెనీ ఆఫర్ లెటరైతే రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఉంటది. సర్కారు ఆర్డరైతే చివరి పేరాల్లో ఉంటది. మీ పూర్వాపరాల విచారణ సంతృప్తికరంగా ఉంటేనే ఈ నియామకం నిలుస్తది అని ఒక లైను. దొరికిందా? ఇవ్వాళ మనం మాట్లాడుకునేది ఆ ఒక్క లైను గురించే.

ఆ లైను ఉన్నంతకాలం మీ నియామకం తాత్కాలికమే. జీతం పడతది, ఐడీ కార్డు వస్తది, ఇంట్ల వాళ్లు మిఠాయిలు పంచుతరు. అయినా తాత్కాలికమే. ఇట్లాంటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంటది. "కేసు ఉంటే నౌకరీ పోతదా సార్?" దీనికి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. కానీ ఇట్లాంటి వ్యవహారాల మీద వచ్చిన తీర్పులు చదవండి. లొల్లి అంతా ఎక్కడ నడుస్తది? కేసు ఉందన్న దగ్గర కాదు, కేసు సంగతి ఫారంలో రాయలేదన్న దగ్గర. ఇది మనసుల పెట్టుకుని మిగతాది వినండి.

ముందు ప్రైవేటు సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది కొంచెం సులువు. కంపెనీ తను స్వయంగ తనిఖీ చేయదు, ఒక ఏజెన్సీకి ఇస్తది. ఆ ఏజెన్సీ మీ గుర్తింపు, చదువు, పాత ఉద్యోగం, చిరునామా, కోర్టు రికార్డు చూస్తది. కోర్టు రికార్డు అంటే పోలీస్ స్టేషన్‌కు పోయి అడగడం అనుకుంటరు. చాలావరకు అట్ల కాదు. మీరిచ్చిన చిరునామాలు ఏ కోర్టుల కిందికి వస్తయో ఆ కోర్టుల రికార్డుల్లో మీ పేరు, తండ్రి పేరు పెట్టి వెతుకుతరు. సాధారణంగా ఐదేళ్ల నుంచి ఏడేళ్ల చిరునామాలు అడుగుతరు. అన్నీ కుదిరితే రెండు మూడు వారాల్లో తేలుతది. చదువు సర్టిఫికెట్లకు యూనివర్సిటీ జవాబు రాకపోతే నెలలు కూడ పడతది. మీ తప్పేం లేకున్నా పడతది.

చిరునామా దగ్గర మన ఊర్లోళ్లకు ఒక తిప్పలుంది. ఇప్పుడు చాలా ఏజెన్సీలు మనిషిని పంపకుండ ఫోన్‌కు ఒక లింకు పంపుతున్నయి. ఇంటి ముందు నిలబడి, లొకేషన్ ఆన్ చేసి, తలుపు ఫొటో తీసి పంపాలె. మీరేమో హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటరు, ఇల్లు చూస్తే మునుగోడు దగ్గర తండాలో ఉంటది. హాస్టల్‌లో నిలబడి ఊరి ఇంటి లింకు తెరిచిన్రనుకోండి, చిరునామా కుదరలేదని రిపోర్టు వస్తది. అది నేరం కాదు గానీ రిపోర్టు పచ్చగ రాదు. లింకు రాంగనే అడ్డదిడ్డంగ తెరవకండి. ఊరికి పోయే రోజు చూసుకోండి, గడువు దాటేటట్టుంటే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి టైం అడగండి.

ఇంకొకటి. వెరిఫికేషన్ ఛార్జీలని చెప్పి మీ దగ్గర డబ్బులు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి. ఏజెన్సీ ఫీజు కంపెనీ కట్టుకుంటది. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ మీరే తెమ్మన్నరనుకోండి, దాని ఫీజు సర్కారు పోర్టల్‌లో మీరే కడతరు. ఫోన్‌పేలో ఎవరి నంబరుకో కొట్టే పని ఎక్కడా ఉండదు.

ఇగ సర్కారు నౌకరీ. ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం.

చేరేటప్పుడు అటెస్టేషన్ ఫారం అని ఒకటిస్తరు. కొన్ని శాఖల్లో రెండు మూడు కాపీలు నింపమంటరు. అన్ని కాపీలు ఒక్క తీరుగ ఉండాలె, ఒక కాపీలో ఒకటి, ఇంకో కాపీలో ఇంకొకటి ఉండొద్దు. ఆ ఫారం మీ శాఖ నుంచి జిల్లాకు వస్తది, అక్కడినుంచి స్పెషల్ బ్రాంచ్‌కు, అంటే ఇట్లాంటి విచారణలు చేసే పోలీసు విభాగానికి పోతది. వాళ్లు స్టేషన్ రికార్డు, కంప్యూటర్ల ఉన్న కేసుల రికార్డు చూస్తరు, ఊర్లో ఒకరిద్దరిని అడుగుతరు, రిపోర్టు పంపుతరు.

గత ఐదేళ్లలో ఏడాదికి మించి మీరు ఎక్కడెక్కడ ఉన్నరో ఫారంలో రాయమంటరు. ఇది చాలామంది తేలికగ తీసుకుంటరు. కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండేళ్లున్నరు. రాస్తరా? రాయరు. శాశ్వత చిరునామా ఊరిదే కద అనుకుంటరు. రాయాలె. ఆ రెండేళ్లకు ఫారం హైదరాబాద్‌కు కూడ పోతది, దాంతోని కొంచెం ఆలస్యమైతది. ఆలస్యమైనా ఫరవాలేదు. దాచిన్రన్న మాట పడొద్దు.

ఇప్పుడు అసలు కాలమ్. కేంద్ర ప్రభుత్వ ఫారాల్లో చాలావాటిలో ఇది 12వ కాలమ్. ఒక్కో ప్రశ్న చదువుతా, నెమ్మదిగ వినండి. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేసిన్రా? మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా, అంటే కోర్టులో కేసు నడిపిన్రా? నిర్బంధంలో ఉంచిన్రా? బౌండ్ డౌన్ అయిన్రా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడ్డదా? ఫారం నింపే రోజుకు ఏ కోర్టులోనైనా కేసు పెండింగ్ ఉందా? పరీక్షల నుంచి డిబార్ చేసిన్రా? 

ఇన్ని ప్రశ్నలు ఎందుకు విడివిడిగ అడుగుతున్నరు? ఒకదానికి లేదు అని రాయొచ్చు, దాని పక్కదానికి అవును అని రాయాల్సి రావొచ్చు. మనోళ్లు ఏం చేస్తరు? పైనుంచి కిందిదాక ఒక్క గీత గీసి లేదు, లేదు, లేదు అని రాస్తరు. ఆ గీతే కొంప ముంచుతది.

బౌండ్ డౌన్ అంటే మన దిక్కు బైండోవర్. ఎలక్షన్లప్పుడు, బోనాలప్పుడు, ఊర్లో రెండు వర్గాలు కొట్టుకున్నప్పుడు పోలీసులు పిలిపించి తహసీల్దార్ ముందు హాజరుపెట్టి, ఆరు నెలలో ఏడాదో శాంతిగ ఉంటమని బాండు రాయించుకుంటరు. పాత చట్టంలో, అంటే సీఆర్‌పీసీలో, అది 107 సెక్షన్. 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ అని కొత్త చట్టం వచ్చింది కద, అందులో 126. అది శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. కానీ ప్రశ్న ఏమడిగింది? బాండు రాసిన్రా అని అడిగింది. రాసిన్రు కాబట్టి అవును అని రాయాలె. పక్కన తహసీల్దార్ ఆఫీసు పేరు, ఏడాది, గడువు ముగిసింది అని రాయాలె.

డ్రంకెన్ డ్రైవ్. ఇక్కడ కొందరు తలలు దించుకుంటున్నరు, నేనేం చూడట్లేదు. 65 నంబర్ హైవే మీద చౌటుప్పల్ దగ్గరనో, 44 మీద జడ్చర్ల దగ్గరనో పట్టుబడతరు. కౌన్సెలింగ్‌కు పోతరు, కోర్టుకు పోతరు, తప్పు ఒప్పుకుంటరు, జరిమానా కడతరు. ఇగ అయిపాయె అనుకుంటరు. ఏం అయిపోయింది? మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల దాక జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టిన్రంటే నేరం రుజువైనట్టే లెక్క. కోర్టు జరిమానా వేసిందా అన్న ప్రశ్నకు జవాబు అవును. హెల్మెట్ లేదని ఫోన్‌కు వచ్చి, మీ సేవలో కడితే తీరే ఈ-చలాన్ వేరు. జడ్జి ముందు నిలబడ్డ చలాన్ వేరు. ఆ తేడా పట్టుకోండి. 

2020 లాక్‌డౌన్‌లో, సర్కారు ఆర్డరు మీరిన్రని ఐపీసీ 188 సెక్షన్ కింద పెట్టిన కేసులు కూడ ఉన్నయి. బండి పట్టుకుని ఆధార్ రాసుకుని పంపించిన్రు, కొందరి మీద కేసు కట్టిన్రు, కొందరి మీద కట్టలేదు. మీకేమైందో మీకే తెల్వదు. తెలుసుకోవాలె. ఎట్ల తెలుసుకోవాలెనో చెప్తా.

అరెస్టు దగ్గర ఇంకో సందేహం. స్టేషన్‌కు పిలిచి నోటీసు ఇచ్చి పంపిన్రు, అది అరెస్టా? పాత చట్టంలో 41ఏ నోటీసు, ఇప్పుడు 35(3) నోటీసు. ఆ నోటీసు ఇచ్చి పంపినదాన్ని అరెస్టు అనరు. అరెస్టు చూపించి స్టేషన్ బెయిల్ ఇస్తే మాత్రం అరెస్టే. మీ దగ్గరున్న కాగితంలో ఏముందో చదివి రాయండి. "గంటసేపే కూసోబెట్టిన్రు సార్" అంటే సరిపోదు.

అయిపోయిందనుకునే కేసులు

మన జిల్లాల్లో కేసులు ఎక్కువ ఎక్కడ పుడతయి? గెట్టు దగ్గర. చెలక గెట్టు, బోరు నీళ్లు, బాట. ఇద్దరు అన్నదమ్ములు కొట్లాడుకుంటరు, దరఖాస్తు రాసేటప్పుడు అవతలి ఇంట్ల ఉన్న మగోళ్లందరి పేర్లూ రాస్తరు. మొదటి నిందితుడు, అంటే ఏ1 తండ్రి, ఏ2 చిన్నాయన, ఏ5 దగ్గరికి వచ్చేసరికి హైదరాబాద్‌లో బీటెక్ చదువుకుంటున్న పిల్లగాడు. వాడు ఆ రోజు ఊర్లనే లేడు. తరువాత పెద్దమనుషులు కూసుంటరు, రాజీ అయితది, కాగితం రాసుకుంటరు, ఖర్చులు ఇచ్చుకుంటరు. ఊరి లెక్కల పంచాయితీ తెగిపాయె.

స్టేషన్ లెక్కల తెగిందా? తెగలేదు. ఎఫ్ఐఆర్ అయినంక దాన్ని మూసే దారులు కొన్నే ఉన్నయి. పోలీసులు దర్యాప్తు చేసి ఇందులో ఏం లేదని కోర్టుకు ఫైనల్ రిపోర్టు వేయాలె, కోర్టు దాన్ని తీసుకోవాలె. లేదంటే చార్జిషీటు వేస్తరు, కోర్టులో కేసుకు సి.సి. నంబరు పడతది. అప్పుడు రాజీ పడదగ్గ సెక్షన్లయితే కోర్టులో గానీ లోక్ అదాలత్‌లో గానీ రాజీ రాయించాలె. లేదంటే హైకోర్టులో కొట్టేయించాలె. లేదంటే విచారణ జరిగి తీర్పు రావాలె. పెద్దమనుషుల కాగితం జేబుల పెట్టుకుని తిరిగితే, సమన్లు పాత చిరునామాకు పోయి పోయి చివరికి నాన్ బెయిలబుల్ వారెంటు పుడతది. పిల్లగాడు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైనంక స్పెషల్ బ్రాంచ్ రిపోర్టులో ఆ వారెంటు కనపడతది.

కోర్టులో రాజీ అయితే ఒక లాభముంది, గుర్తుపెట్టుకోండి. చట్టం ప్రకారం ఆ రాజీకి నిర్దోషిగ విడుదలైనంత విలువ. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి నాలుగుసార్ల దాక జరుగుతయి. మీ ఇంట్ల ఇట్లాంటి కేసు నలుగుతుంటే వచ్చే లోక్ అదాలత్‌కు దాన్ని పెట్టించుకోండి. పెట్టించుకుని అవార్డు కాపీ, అంటే లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు కాపీ తీసుకోండి. కాపీ తీసుకోకుండ ఇంటికి పోకండి.

ఇంకో రకం కేసులు, ఉద్యమ కేసులు. తెలంగాణ ఉద్యమంలో ధర్నాలు, బంద్‌లు, రాస్తారోకోలు, రైల్‌రోకోలు. అప్పటి విద్యార్థులు ఇప్పుడు ముప్పై దాటి ఉద్యోగాలకు ఎంపికైతున్నరు. "జీవో వచ్చింది సార్, కేసులు ఎత్తేసిన్రు" అంటరు. జీవో వస్తే కేసు పోతదా? పోదు. జీవో తరువాత పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో దరఖాస్తు వేయాలె, కోర్టు ఒప్పుకోవాలె, అప్పుడు పోతది. పాత చట్టంలో 321, కొత్తదాంట్లో 360 సెక్షన్. కొన్ని కేసుల్లో ఆ రెండో అడుగు పడలేదు, రికార్డుల ఇప్పటికీ పెండింగే.

రైల్‌రోకో ఇంకా చిక్కు. రైళ్లు ఆపితే పెట్టేది రైల్వే చట్టం 174 సెక్షన్, అది కేంద్రం చట్టం. రాష్ట్రం జీవో ఇచ్చినా, కేంద్ర చట్టం కిందున్న కేసు ఎత్తేయాలంటే ప్రాసిక్యూటర్‌కు కేంద్రం అనుమతి కావాలె. పైగా ఆ కేసులు రైల్వే కోర్టుల నడుస్తయి, మన నల్గొండ కోర్టుల వెతికితే కనపడవు. మీలో ఎవరైనా రైలు పట్టాల మీద కూసున్నరా? చేతులెత్తొద్దులే. ఇంటికి పోయి చూసుకోండి.

మన ఈసీ మనమే తీసుకుందాం

భూమి కొనేటప్పుడు ఏం చేస్తం? ముందు ఈసీ తీస్తం, ఆ భూమి మీద ఏ లావాదేవీలు ఉన్నయో చూపించే సర్టిఫికెట్. అమ్మేటోని మాట నమ్మం. అట్లనే ఎవరో వచ్చి మీ రికార్డు తీసేలోపు మీరే తీయండి. గంట పని.

ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ ఉంటది, వెబ్‌సైటూ ఉంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకోండి. పార్టీ పేరు దగ్గర మీ పేరు కొట్టండి, కనీసం మూడక్షరాలు కావాలె. ఏడాది కొట్టాలె. పెండింగ్, ముగిసినవి, రెండూ అని మూడు గుండీలుంటయి, రెండూ అన్నది నొక్కండి. ఏడాది తప్పనిసరి కాబట్టి ఒక్కో ఏడాది విడిగ వెతకాలె, ఓపిక పట్టండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటది, అక్కడ తిప్పలు. శ్రీనివాస్‌లో ఒక ఐ పెట్టిండా, రెండు ఈలు పెట్టిండా, చివర ఏ ఉందా లేదా? అన్ని తీర్ల కొట్టి చూడండి. ఇంటిపేరు ముందున్నదీ చూడండి, వెనకున్నదీ చూడండి, పొడి అక్షరం ఒక్కటే ఉన్నదీ చూడండి.

జిల్లాల విభజన మర్చిపోవద్దు. 2016 అక్టోబర్ 11న మన ఉమ్మడి నల్గొండ మూడైంది. అటు ఉమ్మడి మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019లో నారాయణపేట కూడ విడిపోయింది. కొన్ని మండలాలు రంగారెడ్డికి, వికారాబాద్‌కు పోయినయి. కోర్టులు మాత్రం అప్పుడే విడిపోలేదు. కొత్త జిల్లాలకు కొత్త జిల్లా కోర్టులు వచ్చింది 2022 జూన్‌లో. అంటే కొల్లాపూర్ కేసు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా కింద ఉండె, ఇప్పుడు నాగర్‌కర్నూల్ కింద ఉంటది. రెండు చోట్లా వెతకండి. ఫారంలో కూడ అట్లనే రాయండి: కల్వకుర్తి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా. టెన్త్ మెమోలో ఆంధ్రప్రదేశ్ అని, ఆధార్‌లో తెలంగాణ అని ఉంటది. ఆ సంగతి బయటి రాష్ట్రంలో కూసున్న ఏజెన్సీ పిల్లలకు తెల్వదు, రెండు చిరునామాలనుకుంటరు. మీరు ఒక్క లైను రాస్తే వాళ్లకు అర్థమైతది.

పేరు దొరికిందనుకోండి. గాబరా పడకండి, ముందు కేసు నంబరు ముందున్న అక్షరాలు చూడండి. సి.సి. అంటే మేజిస్ట్రేట్ కోర్టు క్రిమినల్ కేసు, ఎస్.సి. అంటే సెషన్స్ కేసు, ఎస్.టి.సి. అంటే చిన్న కేసులు. ఓ.ఎస్. అంటే సివిల్ దావా, భూమి పంపకాలు, అప్పు నోట్లు ఇట్లాంటివి. ఎం.వి.ఓ.పి. అంటే యాక్సిడెంట్ నష్టపరిహారం. మీ తాత ఆస్తి పంపకాల దావాలో మీరు ప్రతివాది అయితే అది నేర చరిత్ర కాదు. ఏజెన్సీ దాన్నీ ఎర్రగ చూపించొచ్చు, అప్పుడు దావా కాపీ మొదటి పేజీ పంపితే సరిపోతది. ప్రతి కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ ఉంటది, అది రాసిపెట్టుకోండి. దాంతో ఎప్పుడైనా ఒక్క దెబ్బకు తెరవొచ్చు.

చార్జిషీటు పడని కేసు ఈ-కోర్ట్స్‌లో దొరకకపోవచ్చు. దానికి ఎఫ్ఐఆర్ చూడాలె. ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, సున్నితమైన కేసులు తప్ప. అంతకు ముందువి కావాలంటే స్టేషన్‌కు పోయి క్రైమ్ నంబర్, అంటే ఎఫ్ఐఆర్ నంబర్ అడగాలె. ఒంటరిగ పోవడానికి భయమైతే వకీలును తీసుకుపోండి.

ఇగ, కేసు ఉన్నది, నిజంగ మీదే. ఫారంలో ఎట్ల రాయాలె? పొడవుగ కథ రాయకండి. మా చిన్నాయన ఇట్ల చేసిండు, మేము అమాయకులం, అది ఫారంలో వద్దు. క్రైమ్ నంబర్, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, సి.సి. నంబర్, కోర్టు, ఇప్పుడు ఏ దశలో ఉంది, ముగిస్తే తీర్పు తేదీ, ఫలితం. కాలమ్‌లో చోటు లేకపోతే "అనుబంధం చూడండి" అని రాసి వేరే కాగితం పెట్టి సంతకం చేయండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ కుట్టండి. ఫోన్‌లో తీసిన ఫొటో కాదు, కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెడితే ఇచ్చే కాపీ. పాత ఫైలు రికార్డు రూంలో ఉంటే కాపీకి రోజులు పడతది, అందుకే ఇప్పుడే పెట్టండి.

నిజం రాస్తే తీసేస్తరు కద సార్ అంటరు. 2016 జులై 21న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి అవతార్ సింగ్ కేసులో దీని మీద వరసగ సూత్రాలు చెప్పింది. చిన్న కేసు, కుర్రతనంలో నినాదాలు చేసిన కేసులాంటిదైతే, దాచినా అధికారి క్షమించొచ్చు. నిజం రాసి, కేసు చిన్నదై ఇంకా నడుస్తుంటే, తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వొచ్చు. నిజం రాసినా, కేసు ముగిసినా, యజమానికి మీ పూర్వాపరాలు చూసుకునే హక్కు ఉంది, ఇచ్చి తీరాలని ఎవరూ బలవంతం చేయలేరు. ఇది కూడ చెప్పాలె, లేకపోతే మీకు అబద్ధం చెప్పినట్టయితది. చాలా కేసులు పెండింగ్ ఉండి కావాలని దాస్తే, అదొక్కటే తీసేయడానికి చాలు. కేసు ఉందని అసలు తెల్వకుండ ఫారం నింపితే, కేసు ఎంత పెద్దదో చూసి అధికారి నిర్ణయిస్తడు. ఏ5 పిల్లగాడు గుర్తున్నడా? వానికి పనికొచ్చే మాట ఇది. ఇంకోటి, ప్రశ్న స్పష్టంగ అడగాలె, అడిగినదాన్నే దాచిన్రనాలె.

యూనిఫాం ఉద్యోగాలకు లెక్క వేరు. కానిస్టేబుల్, సీఆర్‌పీఎఫ్, ఆర్‌పీఎఫ్ లాంటి వాటిలో కోర్టులు గట్టిగ ఉంటయి. 2022లోనే రెండు దిక్కులా తీర్పులొచ్చినయి. పవన్ కుమార్ అనే ఆర్‌పీఎఫ్ అభ్యర్థికి అనుకూలంగ ఒకటి, సీఆర్‌పీఎఫ్‌లో దాచినవాళ్లను తీసేయడం సరైందే అని ఇంకొకటి. ఒక తీర్పు పట్టుకుని ధైర్యం తెచ్చుకోకండి.

నేరం రుజువైనా జైలుకు పంపకుండ మంచి నడవడిక బాండు మీద వదిలేసిన్రంటే, 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ఆ నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హతను తీసేస్తది. నేరం రుజువైందన్న వాస్తవాన్ని తుడవదు. కాబట్టి అక్కడా అవును అనే రాయాలె.

ఇప్పుడు ఫారం ఇచ్చేసిన్రు, ఉద్యోగంలో చేరిన్రు, ఎదురుచూస్తున్నరు. ఈ నడిమి కాలంలో ఏం చేయాలె?

ఫారం పైన ఒక హెచ్చరిక ఉంటది, ఎవరూ చదవరు. ఫారం ఇచ్చిన తరువాత అరెస్టు గానీ శిక్ష గానీ జరిగితే వెంటనే తెలపాలె, తెలపకపోతే దాచినట్టే. వెంటనే అంటే వెంటనే. చేరిన మూడో నెలల ఊర్లో గొడవైంది, మీ పేరు ఎఫ్ఐఆర్‌లో పడ్డది. శాఖకు రాతపూర్వకంగ ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పాత కేసు కొట్టేసినా చెప్పండి, అది మీకు మంచిదే.

పాత ఉద్యోగం ఉన్నవాళ్లు వినండి. రాజీనామా చేసే ముందు కొత్త కంపెనీని అడగండి, కోర్టు రికార్డు తనిఖీ ముందే మొదలుపెట్టగలరా అని. చాలా కంపెనీలు పెడతయి. నోటీసు పీరియడ్ 60, 90 రోజులు ఉంటది కాబట్టి ఆ టైంలోనే తేలిపోతది. బ్యాంకు క్లయింట్ల ప్రాజెక్టులకు రిపోర్టు రాందే సిస్టం యాక్సెస్ ఇయ్యరు, మిమ్మల్ని ఊరకే కూసోబెడతరు. అది అనుమానం కాదు, వాళ్ల పద్ధతి. ఈ నెలల్లో కారు లోను, ఇంటికి రెండు లక్షల అడ్వాన్సు, ఇట్లాంటివి పెట్టుకోకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి.

రిపోర్టులో తేడా వచ్చిందంటే ముందు కాపీ అడగండి. నోటితో చెప్పిన మాటకు జవాబు ఇవ్వకండి. అదే పేరుతో వేరే మనిషి కేసైతే నాలుగు చూపించాలె: తండ్రి పేరు, వయసు, ఊరు, కేసు తేదీ నాటికి మీరెక్కడున్నరో. చార్జిషీటు మొదటి పేజీలో నిందితుని వివరాలుంటయి, ఆ పేజీ మీ టెన్త్ మెమో పక్కన పెడితే చాలావరకు అక్కడే తేలిపోతది. షోకాజ్ నోటీసు వస్తే అందులో ఇచ్చిన గడువు దాటనియ్యకండి. కన్ఫర్మ్ అయిన ఉద్యోగిని శాఖాపరమైన విచారణ లేకుండ తీసేయొద్దని కూడ అవతార్ సింగ్ తీర్పులోనే ఉంది. ప్రైవేటులో తీసేస్తే పనిచేసిన రోజుల జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలె, అది అడగండి. వకీలు ఖర్చు భరించలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితం. ఫోన్ నంబర్ 15100.

ఎంతకాలం ఎదురుచూడాలె? పశ్చిమ బెంగాల్‌లో ఒక కంటి వైద్య సహాయకుడు 1985లో చేరిండు. పోలీసు రిపోర్టు 2010లో వచ్చింది. ఆయన పౌరసత్వం మీద అనుమానమని రిటైర్మెంటుకు రెండు నెలల ముందు తీసేసిన్రు. సుప్రీంకోర్టు ఆ తీసివేతను కొట్టేసింది. కొట్టేస్తూ 2024 డిసెంబర్ 5న అన్ని రాష్ట్రాల పోలీసులకు చెప్పింది, నియామకం తేదీ నుంచి ఆరు నెలల లోపల పూర్వాపరాల విచారణ ముగించాలని. బాసుదేవ్ దత్తా కేసు అంటరు. ఆరు నెలలు దాటితే మీ శాఖకు ఈ తీర్పు పేరు రాసి మర్యాదగ ఒక దరఖాస్తు పెట్టండి. స్పెషల్ బ్రాంచ్ ఆఫీసు చుట్టూ తిరగకండి, శాఖ ద్వారానే అడగండి.

ఆ మూల నుంచి తమ్ముడు అడుగుతున్నడు, పదహారేండ్ల వయసుల కేసైందట, రాయాలెనా అని. పద్దెనిమిదేండ్ల లోపల, బాల న్యాయ మండలి ముందు నడిచిన కేసైతే 2015 బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఉంది. ఆ కేసు వల్ల అనర్హత రాదు. పదహారు దాటినంక ఘోరమైన నేరానికి పెద్దవాళ్ల లెక్కన విచారించిన కేసైతే మాత్రం వేరు. నీ కాగితాలు చూస్తే గానీ ఎట్ల రాయాలెనో చెప్పలేను తమ్మీ, తరువాత కలువు.

ఆ అక్క అడుగుతున్నది, బిడ్డ ప్రైవేటు స్కూల్లో టీచర్‌గ చేరుతున్నదట, పోలీసు వెరిఫికేషన్ ఎందుకని. పిల్లలతో పనిచేసే ఏ సంస్థైనా, టీచరైనా ఆయమ్మైనా బస్సు డ్రైవరైనా, పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది, పిల్లల మీద లైంగిక నేరాలు ఆపే చట్టం కింద వచ్చిన నియమాలవి. ఒక్కసారి కాదు, అప్పుడప్పుడూ చేయించాలె. మీ బిడ్డ మీద అనుమానం కాదమ్మా.

ఆఖరు ప్రశ్న, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇక్కడి ఉద్యోగానికి పనికొస్తదా? అది విదేశాలకు పోయేవాళ్లకు. ఫీజు 500 రూపాయలు. 2022 సెప్టెంబర్ నుంచి పోస్టాఫీసుల్లో ఉన్న పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో కూడ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడి ఉద్యోగానికైతే రాష్ట్ర పోలీసుల ఆన్‌లైన్ వెరిఫికేషన్ చాలు, కంపెనీ ఏది అడిగిందో లెటర్‌లో చూసి అదే పెట్టండి.

ఫారాలు తెచ్చుకున్నవాళ్లు బయట టేబుల్ దగ్గరికి రండి. 12వ కాలమ్ ఇప్పుడే పెన్నుతో నింపకండి, ముందు జిరాక్స్ మీద పెన్సిల్‌తో రాసి చూపించండి.